ఆమ్ల వర్షం - నేలలో కాల్షియం లోటు

ఈనిన గేదె రక్తంలో కాల్షియం పడిపోతే పాలజ్వరం వస్తుందని మన సభ్యులు ఎరిగినదే. అడవికీ ఇటువంటి లోటు రావచ్చును. బొగ్గు, చమురు మండగా వెలువడే గంధక, నత్రజని వాయువులు గాలిలోని తేమతో కలిసి ఆమ్లాలై వానతో దిగుతాయి. ఆ నీరు మట్టిలోని కాల్షియంను కడిగివేస్తుంది.

నెదర్లాండ్స్‌లోని ఇసుకనేలల అడవులలో 1980లలో ఇదే కనిపించింది. గుల్ల కట్టుకొనే కాల్షియం దొరకక నత్తలు తగ్గిపోయాయి. గుడ్డు పెంకు కోసం నత్తగుల్లలు తినే చిన్న పిట్టలు పలుచని పెంకు గుడ్లు పెట్టసాగాయి. అవి పగిలిపోయేవి, లేదా గూటిలోనే ఎండిపోయేవి. శాస్త్రజ్ఞులు నత్తగుల్లలు, కోడిగుడ్డు పెంకులు అందించగా గుడ్లు బాగుపడ్డాయి. కాని అడవి అంతటా పెంకులు చల్లలేము గదా! పొగలో గంధకాన్ని అరికట్టిన తరువాతనే ఐరోపాలో ఆమ్ల వర్షం తగ్గింది. నేల పోగొట్టుకున్న కాల్షియం మాత్రం అంత త్వరగా తిరిగి రాదు.