చేయి పట్టి నేర్పే చదువు

పొద్దున తొమ్మిదిన్నరకి మండల కేంద్రంలోని భవిత కేంద్రం తలుపు తెరుస్తారు. ఒకే గది. గోడకి పండ్ల చార్టు, ఒక పక్క నడక నేర్పడానికి బిగించిన ఇనుప కమ్మీలు, కింద పరిచిన చాపలు. టీచరమ్మ రాగానే పాఠం మొదలుపెట్టదు. ఏడేళ్ల బాబు గడ్డం మీద కారిన చొంగ తుడుస్తుంది. ఆ తర్వాత చేతులు కడిగిద్దామని కుళాయి దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ రోజుకి అదే పాఠం.

పరిశోధన కోసం మేమిద్దరం పల్నాడు ప్రాంతంలో ఇలాంటి కేంద్రాల్లో కొన్ని నెలలు కూర్చున్నాం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు అనగానే బ్రెయిలీ, సైగల భాష గుర్తొస్తాయి. మేము చూసినచోట్ల మాత్రం చిన్నపిల్లల్లో ఎక్కువమంది మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్నవాళ్లే. వాళ్లకి అక్షరాల కంటే ముందు నేర్పాల్సినవి ఉంటాయి. అన్నం కలుపుకోవడం, చొక్కా తొడుక్కోవడం, దొడ్డికి వస్తే చెప్పడం.

చేతులు కడగడం మనకి ఒక్క పని. టీచరుకి అది ఎనిమిదో తొమ్మిదో పనులు. కుళాయి తిప్పడం, చేతులు తడపడం, సబ్బు పట్టుకోవడం, రుద్దడం, సబ్బు పెట్టేయడం, నురగ పోయేదాకా కడగడం, కుళాయి కట్టేయడం, తుడుచుకోవడం. ఒక్కో దానికి విడిగా నేర్పాలి. మొదట టీచర్ తన చేతిని పిల్లవాడి చేతిమీద వేసి తనే చేయిస్తుంది. కొన్ని వారాలకి మణికట్టు దగ్గర పట్టుకుంటే చాలు. తర్వాత మోచేతిని తడితే చాలు. ఆపైన ‘సబ్బు’ అంటే చాలు. చివరికి కళ్లతో చూపిస్తే చాలు.

సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పుడు పేరు మారింది) తయారుచేసిన చెక్‌లిస్టు ఒకటుంది. పిల్లవాడికి ఏ పనిలో ఎంత సాయం కావాలో అందులో గుర్తు వేస్తారు. చేయి పట్టి చేయిస్తే ‘పీపీ’, మాటతో చెబితే ‘వీపీ’, చిన్న సూచన చాలితే ‘సీ’, తనంతట తను చేస్తే ‘అవును’. పీపీ నుంచి వీపీకి రావడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. పరీక్షలూ మార్కులూ లేని ఈ చదువులో ప్రోగ్రెస్ కార్డు అదే.

ఇది ఒంటిని తాకకుండా జరిగే చదువు కాదని ఈపాటికి అర్థమై ఉంటుంది. చొంగ తుడవాలి, ముక్కు చీదించాలి, బట్టలు పాడైతే కడగాలి, బిగుసుకున్న కాళ్లు ఒళ్లో పెట్టుకుని మెల్లగా సాగదీయాలి. తాకడానికి కూడా కులం లెక్కలున్న మన ఊళ్లలో ఎవరు ఎవరిని తాకుతారన్నది బోధనకి బయటి విషయం కాదు.

ఒక కేంద్రంలో మేము చూసింది చెబుతాం. అన్నిచోట్లా ఇంతేనని అనడం లేదు. ఇద్దరు పిల్లలు, ఇద్దరిదీ దాదాపు ఒకే స్థితి. ఒకరు ఊళ్లోనుంచి, ఇంకొకరు మాదిగ పల్లెనుంచి వస్తారు. మొదటి బాబు బట్టలు పాడైతే అక్కడున్నవాళ్లే కడిగారు. రెండో బాబుకి అదే జరిగితే ‘వాళ్లమ్మ వచ్చి కడుగుతుందిలే’ అన్నారు. ఎవరూ కసురుకోలేదు, తిట్టలేదు. కానీ ఆ బాబు గంటకు పైగా అలాగే కూర్చున్నాడు. తర్వాత రికార్డు తిరగేస్తే, చేతులు కడగడం దగ్గర వాడికి ‘వీపీ’ అని ఉంది. మేము చూసినన్నాళ్లూ వాడు మాటతో చెబితే చేసే దశకి రాలేదు. చేయి పట్టుకోవాల్సినచోట దూరంనుంచి మాట చెప్పి, దాన్నే రికార్డులో రాశారు. కాగితం మీద అది పిల్లవాడి ప్రగతిలా కనిపిస్తోంది. వివక్ష ఇలా బోధనా పద్ధతి వేషంలో వస్తే ఫిర్యాదు ఏమని రాయాలి?

ఇంకో కేంద్రంలో ఇదే పనిని ఒళ్లు దాచుకోకుండా చేసే టీచరమ్మనీ చూశాం. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఆయా లేనిచోట కడగడం, తుడవడం ఆమే చేస్తుంది. శనివారాలు కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకి వెళ్తుంది. పల్లెలో మంచం మీద కూర్చుని టీ తాగి, పిల్లని ఒళ్లోకి తీసుకుంటుంది. ‘మా ఇంట్లో తెలిస్తే గొడవే’ అని నవ్వింది.

(ప్రభుత్వ కాగితాల్లో వీళ్లంతా ఇప్పుడు ‘దివ్యాంగులు’. దేవుడి పేరు తగిలించి పిలిస్తే ఎలా ఉంటుందో ‘హరిజన’ అనిపించుకున్న మనకి వేరే చెప్పక్కర్లేదు.)

2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. అంటే ఈ చదువు అవసరం మనవాడల్లో కాస్త ఎక్కువే. దొరకడం దగ్గరే చిక్కంతా.

పిల్లవాడిని కేంద్రానికి ఎవరో ఒకరు తీసుకురావాలి. ఎక్కువగా తల్లే వస్తుంది. తొమ్మిదిన్నరకి దింపి మధ్యాహ్నం మళ్లీ తీసుకెళ్లాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. సమగ్ర శిక్ష కింద తోడు వచ్చేవాళ్లకి, ప్రయాణానికి భత్యాలున్నాయి. ఆడపిల్లలకి నెలకి 200 రూపాయల చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఉంది. ఇవి మిరపకోతల కూలికి ఏ మూలకీ రావు. అదీ చేతికందేసరికి ఆలస్యమే. ‘కోతలు వదులుకుంటే ఏడాది ఎట్టా గడవద్ది మేడం? వాణ్ణి చేలోకే తీసుకుపోయి గట్టున పడుకోబెడతా’ అందొక తల్లి. జనవరిలో ఆగిన ఆ బాబు సెలవులయ్యాక జూన్‌లో తిరిగొచ్చాడు. అప్పటికి ‘సీ’ దాకా వచ్చిన చేతులు కడగడం మళ్లీ ‘పీపీ’ అయింది. వాడి నేర్పంతా రోజూ చేయడంలోనే ఉంది. అయిదు నెలల విరామం వాడికి ఒక తరగతి పోవడం లాంటిది కాదు, మొదటికి రావడం.

చట్టాలకి కొదవలేదు. విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి వికలాంగ పిల్లల్ని చేర్చారు. తీవ్ర వైకల్యం ఉంటే ఇంటి దగ్గరే చదువుకునే హక్కూ ఇచ్చారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్లదాకా ఉచిత విద్య అంటోంది. ప్రాథమిక స్థాయిలో 10 మంది పిల్లలకి, ఆపైన 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని రజనీష్ కుమార్ పాండే కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులు మంజూరుచేసి భర్తీ చేయమని 2025 మార్చిలో మళ్లీ రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. ఈ నిష్పత్తి టీచర్ల గురించే. కడిగే, తుడిచే మనిషి గురించి కాదు. ఆ మనిషి లేనిచోట ఆ పని తల్లి మీద పడుతుంది, లేదంటే జరగదు.

విద్యార్థి సంఘాలవాళ్లు మమ్మల్ని ఏం చేయొచ్చని అడుగుతుంటారు. మీ మండలంలోని భవిత కేంద్రానికి ఆయా ఉందా, ఉంటే జీతం ఎంత, తోడు భత్యం ఏ నెలది ఏ నెలలో జమ అయింది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా హాజరు కులాలవారీగా ఎలా ఉంది అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పిల్లల పేర్లు అడగొద్దు, అంకెలు చాలు. ఆ తర్వాత ఒక పూట కేంద్రంలో కూర్చుని, భోజనం ముందు ఎవరి చేతులు ఎవరు కడిగిస్తున్నారో చూడండి.