నలుగురి కన్ను - ఓరుగల్లు రాణి

“పైన పటారము, లోన లొటారము” అను సామెత నెఱుగని తెలుగు గృహిణి యుండదు. పైమెఱుగును నమ్మవలదని పెద్దలు మనల నీ మాటతో హెచ్చరించిరి. ఆ పెద్దలే బిడ్డ గడప దాటునపుడు “తల దువ్వుకొని పొమ్ము, నలుగురు చూచిన నేమనుకొందురు?” అనియు మందలించిరి. ఈ రెండు మాటలలో దేనిని పాటింపవలెనను సందేహము మనలో ననేకులకు తీరనే తీరదు. దీనికి ఇటలీ దేశీయులు తమ తీరున సమాధానము చెప్పుకొనిరి. మన ఓరుగల్లు వేఱొక తీరున చెప్పినది. ఈ రెంటి నడుమ నిలిచిన ఇటలీ యాత్రికు డొకడు కలడు.

ఇటలీవారి భాషలో “బెల్లా ఫిగూరా” అను పలుకుబడి కలదు. చక్కని రూపమని దానికి మాటవరుస యర్థము. నలుగురిలో ఒప్పిదముగా మెలగుట యని భావము. అచ్చటి పట్టణములలో సాయంకాలము వీధిని షికారు పోవు నాచారము కలదు. వృద్ధులు సైతము చక్కని దుస్తులు ధరించి, ఎదురైనవారిని పలుకరించుచు మెల్లగా నడతురు. చూడబోయిన పరదేశి దీనిని వట్టి డంబమని తలచును. కాని వారి దృష్టిలో అతిథిని ఆదరించుట, ఒకరింటికి వట్టిచేతులతో పోకుండుట, పదుగురిలో పరుషమాడకుండుట, ఇవన్నియు ఆ చక్కదనములోనివే. ఎదుటివాని కన్నును గౌరవించుట అందలి సారము. 1528లో వెనీసు నగరమున అచ్చయిన కాస్టిలియోనే గ్రంథము రాజసభలో మెలగువారికి పడిన శ్రమ పైకి కనబడనీయని నేర్పును బోధించినది. ఆ నేర్పునకు ఇటలీలో నేటికిని మన్నన కలదు.

ఆ వెనీసు నగరమువాడే మార్కో పోలో. 13వ శతాబ్ది చివర చీనా దేశమునుండి ఓడలపై మరలిపోవుచు మన తీరములను గూర్చి తెలిసికొని, 1298లో జెనోవా చెఱసాలలో నుండగా తన యాత్రావృత్తాంతమును చెప్పి వ్రాయించెను. అందు “ముత్ఫిలి” అని పేర్కొన్న రాజ్యము కాకతీయులదే. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు పేరు ఆతని నోట అట్లు మాఱినది. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చి శాసనము వేయించిన రేవు అదియే.

వస్త్రవర్తకము వర్ధిల్లిన పట్టణమునుండి వచ్చినవాడు గనుక ఆతని చూపు మొదట మన బట్టలపై పడుట సహజము. ఇచ్చటి నేత సాలెగూడువలె సన్ననిదనియు, ఏ దేశపు రాజైనను రాణియైనను దానిని ముచ్చటపడి కట్టుదురనియు మెచ్చుకొనెను. కాని ఈ రాజ్యము నేలిన రాణి ప్రసంగము వచ్చినపుడు ఆమె చీరనుగాని సొమ్ములనుగాని వర్ణింపలేదు. ఆమె వివేకవతి యనియు, న్యాయమును శాంతిని ప్రేమించినదనియు, ప్రజలు పూర్వపు టే ప్రభువును ప్రేమింపనంతగా ఆమెను ప్రేమించిరనియు చెప్పెను.

ఐనను ఆ పరదేశి యొకచోట పొరబడెను. భర్త మరణింపగా ఆయన రాజ్యమును ఆమె యేలినదని వ్రాయించెను. రుద్రమకు రాజ్యము సంక్రమించినది తండ్రివలన. భర్త చాళుక్య వీరభద్రుడు నిడదవోలు రాజవంశీయుడు. స్త్రీ సింహాసనముపై నున్నచో అది మగని సొత్తే యై యుండునని ఆ యాత్రికునికిగాని, ఆతనికి చెప్పినవారికిగాని తోచియుండును.

ఆతని ననవలసిన పనిలేదు. మనవారు మాత్రము ఆమెను ఉన్నదున్నట్లు చూచిరా? గణపతిదేవుడు కుమార్తెకు రుద్రుడని పురుషనామ మిడెనని విద్యానాథుని ప్రతాపరుద్రీయము తెలుపుచున్నది. పెక్కు శాసనములలో ఆమె “రుద్రదేవ మహారాజు”. పురుషవేషమున కొలువు తీర్చెననియు చెప్పుదురు. ఆడుది చెప్పిన సామంతులు విందురా యను భయమే ఆ పేరును, ఆ వేషమును తొడిగించినది. ఇటలీవాని షోకు చూచువానిని గౌరవించుటకు. రుద్రమ వేషమో, చూచువారి శంకను అణచుటకు. పైకి రెండును అలంకారములే. వెనుకనున్న అవసరములు వేఱు.

కాని ఓరుగల్లు కోటలోని రాయి మఱియొక మాట చెప్పుచున్నది. స్వయంభూ దేవాలయ రంగమంటపపు శిల్పమున సింహము నెక్కి కత్తి డాలు ధరించిన స్త్రీమూర్తి కలదు. “రాయగజకేసరి” బిరుదము వహించిన రుద్రమయే ఆమె యని చరిత్రకారులు గుర్తించిరి. శాసనమున మహారాజైనది శిల్పమున స్త్రీగానే నిలిచినది. ఆ సింహమునకు తగినంత పనిచేసి చూపిన పిమ్మట, మగవేషముతో అవసర మేమి?

సోదరీమణులారా! నేడును ఉద్యోగమునకు పోవు మన బిడ్డ “ఇట్లు కట్టిన చులుకన చేయుదురు, అట్లు కట్టిన నిందింతురు” అని అద్దము ముందు తడబడుచునే యున్నది. నలుగురేమనుకొందురో యను మాట కొడుకునకంటె కూతురునకే మనము పదిమారులు చెప్పుచున్నాము. శుభ్రముగా, ఒప్పిదముగా నుండుమని చెప్పుదము. అది ఎదుటివారికి మన మిచ్చు గౌరవము. భయపడి రూపు మార్చుకొమ్మని మాత్రము చెప్పకుందము. 1289లో రుద్రమ గతించెనని చందుపట్ల శాసనమువలన తెలియుచున్నది. ఆమె కట్టిన పట్టుబట్టలలో నూలుపోగైనను మిగులలేదు. మిగిలినది ఒక పరదేశి నోట ధర్మమూర్తి యను మంచిపేరు. ఈమారు ఓరుగల్లు కోట చూడబోవునపుడు మన ఆడపిల్లలకు తోరణములతోపాటు ఈ కథయు చెప్పుదము.