వెదురు బుట్టలతో ఇల్లు సర్దుకుందాం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వెదురుకు, పేముకు గల తేడా చెప్పగలుగుతారు.
• రాయపూర్ ప్రాంతపు వెదురు బుట్టల ఉపయోగాలను వివరించగలుగుతారు.
• మంచి బుట్టను ఎంచుకొని, దానిని కాపాడుకోగలుగుతారు.

1. పరిచయం

మీ ఇంట్లో బట్టలు, ఉల్లిపాయలు, పిల్లల పుస్తకాలు ఎక్కడ పెడుతున్నారు? ఒకటి రెండు గదుల ఇంట్లో బీరువాకు చోటుండదు. మూలకు ఒదిగే, పైకి ఎత్తి పెట్టుకోగలిగే బుట్టలు అలాంటి ఇంటికి చక్కగా సరిపోతాయి.

2. వెదురు, పేము

రెండింటితోనూ బుట్టలు అల్లుతారు. కాని రెండూ ఒకటి కావు. వెదురు గడ్డి జాతికి చెందినది. బొంగును నిలువుగా చీల్చి, సన్నని బద్దలు తీసి అల్లుతారు. పేము తాటి, కొబ్బరి కుటుంబానికి చెందిన ముళ్ళ తీగ. దాని కాడ లోపల బోలుగా ఉండదు. వేడి చేస్తే వంగుతుంది కనుక కుర్చీలకు వాడతారు. పేము తేమ గల అడవులలో ఎక్కువగా పెరుగుతుంది. ఛత్తీస్‌గఢ్ అడవులలో విరివిగా ఉండేది వెదురు. అందుకే ఇక్కడి ఇంటి బుట్ట వెదురు బుట్టే.

3. రాయపూర్ ప్రాంతపు అల్లకం

ఛత్తీస్‌గఢీ భాషలో బుట్టను 'టుక్‌నీ' అనీ, చేటను 'సూపా' అనీ అంటారు. మూత గల పెద్ద బుట్ట 'ఝాంపీ'. బట్టలు, పెళ్ళి సామగ్రి దాచడానికి ఇది పనికివస్తుంది. మన పల్లెలలో మేదరులు చేసే ఈ పనిని ఇక్కడ కండరా, బసోడ్ కులాలవారు, కమార్ గిరిజనులు చేస్తారు. కమార్లు ముఖ్యంగా గరియాబంద్, ధమ్తరి జిల్లాలలో నివసిస్తారు.

వీరి బ్రతుకు వెదురు దొరకడంపై ఆధారపడి ఉంది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కించింది. 2017లో ఆ చట్టాన్ని సవరించి, వెదురును చెట్ల జాబితా నుండి తొలగించారు. దీనివల్ల పొలాలలో పెంచిన వెదురును అమ్ముకోవడం సులభమైంది. అడవిలోని వెదురుకు మాత్రం అటవీ నిబంధనలు వర్తిస్తాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, అడవిపై ఆధారపడినవారికి దానిపై హక్కు కల్పించింది.

4. ఎంపిక, జాగ్రత్తలు

వెదురులో పిండి పదార్థం ఉంటుంది. దాని కోసమే పురుగు తొలుస్తుంది. బుట్ట కింద సన్నని పొడి రాలితే పురుగు పట్టిందని గుర్తించండి. మూడేళ్ళు దాటిన బొంగును కోసి, కొన్ని వారాలు నీటిలో నానబెట్టి ఆరబెడితే పిండి పదార్థం తగ్గుతుంది. కొనేటప్పుడు ఈ సంగతి అడగండి. అంచు కట్టు బిగువుగా ఉందో లేదో చూడండి.

ఉల్లిపాయలకు గాలి కావాలి. వాటికి బుట్ట మేలు. పప్పులకు, బియ్యానికి మూత గల డబ్బాయే మంచిది. బుట్టను తడి నేలపై పెట్టవద్దు. వానాకాలంలో అప్పుడప్పుడు ఎండ తగలనివ్వండి.

బొంగు తేవాలి, చీల్చాలి, బద్దలు నునుపు చేయాలి, ఆపైన అల్లాలి. ప్లాస్టిక్ డబ్బా ధరతో పోల్చి బేరమాడితే తగ్గేది ఈ శ్రమకు దక్కే కూలియే. పాడైన వెదురు బుట్ట మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ కలవదు. ధర ఆలోచించేటప్పుడు ఈ రెండూ లెక్కలోకి తీసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వెదురుకు, పేముకు గల రెండు తేడాలు రాయండి.
2. వెదురును నీటిలో ఎందుకు నానబెడతారు?
3. మీ ఊరి బుట్టలు అల్లేవారిని కలవండి. వారికి వెదురు ఎక్కడి నుండి వస్తున్నదో, ఒక బుట్టకు ఎంత సమయం పడుతున్నదో తెలుసుకొని ఐదు వాక్యాలలో రాయండి.