టూసాన్ రాళ్ల సంత

జనవరి ఆఖరు వచ్చేసరికి టూసాన్‌లో పాత మోటెళ్లు వేషం మార్చేస్తాయి. గదుల్లో మంచాలు గోడవారకు చేరతాయి. జరపలేని మంచం ఉంటే దాని మీదే నల్లగుడ్డ పరిచి రాళ్లు సర్దేస్తారు. టీవీ ఉండాల్సిన చోట అద్దాల బీరువా, లోపల కళ్లు చెదిరే లైట్లు, బాత్రూమ్ నిండా ఖాళీ అట్టపెట్టెలు. తలుపు తీసి ఉంటే దుకాణం తీసినట్టే. గది నంబరే చిరునామా. అమ్మే మనిషి రాత్రికి ఎక్కడ నడుం వాలుస్తాడో మాత్రం అడగకూడదు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఎడారి ఊరిది. ఫిబ్రవరి సగం దాటేదాకా ఇక్కడ ఎటు తిరిగినా రాళ్లే. పదో నంబరు ఇంటర్‌స్టేట్ హైవే వెంబడి డేరాలు, ఆటస్థలాల్లో డేరాలు, హోటళ్ల పార్కింగుల్లో డేరాలు. అన్నీ కలిపి 40 దాకా వేర్వేరు ప్రదర్శనలు. బ్రెజిల్ నుంచి మనిషెత్తు అమెథిస్ట్ దొప్పలు, మొరాకో నుంచి శిలాజాలు, పాకిస్తాన్ నుంచి ఆక్వామెరీన్ స్ఫటికాలు దిగుతాయి. ఆరుబయట కిలోల లెక్కన తూచి అమ్మేవి కొన్ని, ఒక్క రాయికే ఇల్లు కొనుక్కోగల ధర పలికేవి కొన్ని. రెండింటి మధ్యా దూరం ఒక్కోసారి నాలుగడుగులే.

ఇంత సందడీ ఓ ప్రాథమిక పాఠశాలలో మొదలైంది. 1955లో టూసాన్ జెమ్ అండ్ మినరల్ సొసైటీ సభ్యులు హెలెన్ కీలింగ్ స్కూల్లో బల్లలు వేసి తమ దగ్గరున్న రాళ్లు చూపించారు. టికెట్ లేదు. 1960ల్లో స్మిత్సోనియన్ సంస్థ ఖనిజాల క్యూరేటర్ పాల్ డెసాటెల్స్ రావడం మొదలుపెట్టాక దశ తిరిగింది. అంతటి మ్యూజియం మనిషి వస్తున్నాడంటే వ్యాపారులు మేలు సరుకును ఆయన కోసం దాచి తెచ్చేవారు. ఆ సరుకు కోసం మిగతా మ్యూజియాలు, మిగతా వ్యాపారులు కదిలారు. 1972 నుంచి సొసైటీ వారి అసలు ప్రదర్శన నగర కన్వెన్షన్ సెంటర్లో జరుగుతోంది. ఫిబ్రవరి రెండో వారంలో 4 రోజులు. మిగతావన్నీ దాని చుట్టూ మొలిచినవే. నగల రాళ్ల హాళ్లూ పెద్దవే కానీ వాటిలోకి వెళ్లాలంటే చాలాచోట్ల వ్యాపార లైసెన్సు చూపించాలి. అటు మనకు పని లేదు.

మనకు కావలసింది సానపట్టని రాయి. భూమిలో ఎలా పెరిగిందో అలాగే, వీలైతే పుట్టిన రాతి ముక్కతో సహా, అంచు చెదరకుండా బయటికి వచ్చిన స్ఫటికం. సేకరించేవాళ్లు దాన్ని స్పెసిమెన్ అంటారు. ఒక అంగుళం డబ్బాలో ఇమిడేది థంబ్‌నెయిల్, అంతకంటే కాస్త పెద్దది మినియేచర్, బీరువా అరలో దర్జాగా కూర్చునేది క్యాబినెట్. చిన్నదానికి చిన్న ధరే అనుకుంటే పొరపాటు. నూటికి నూరుపాళ్లు చెక్కుచెదరని థంబ్‌నెయిల్ పక్కన మొన విరిగిన పెద్దరాయిని పెడితే, అనుభవం ఉన్నవాడి కన్ను చిన్నదాని మీదే ఆగుతుంది.

అసలు ధర తేల్చేది మాత్రం రాయి కింద పెట్టిన చీటీ. ఖనిజం పేరు, గని పేరు, జిల్లా, రాష్ట్రం, దేశం, వీలైతే తవ్విన సంవత్సరం, ఇంతకుముందు ఎవరి దగ్గర ఉండేదో ఆ వివరం. అరిజోనా రాష్ట్ర ఖనిజం వుల్ఫెనైట్‌నే తీసుకోండి. పలుచని చదరపు బిళ్లలు, నారింజ నుంచి ఎరుపు దాకా రంగు. ఈ రాష్ట్రంలోనే ఉన్న రెడ్ క్లౌడ్ గనిలో ఎడ్ ఓవర్ అనే ఆయన 1938లో తవ్వి తీసిన బిళ్లలను ఇప్పటికీ తలచుకుని మాట్లాడతారు. ఆ గని పేరు, ఆ ఏడు ఉన్న పాతచీటీతో వచ్చిన రాయికీ, అంతే అందంగా ఉండి ఊరూ పేరూ లేని రాయికీ ధరలో పోలికే ఉండదు. చీటీ పోగొట్టుకున్న రాయిని ఇక్కడివాళ్లు అనాథగానే చూస్తారు. కొంచెం క్రూరంగా అనిపిస్తుంది గానీ, అందులో న్యాయం ఉంది. రాయి ఒకసారి గని దాటాక అది ఏ లోతున, ఏ రాళ్ల మధ్య పుట్టిందో చెప్పగలిగేది ఆ కాగితం ముక్కే.

చీటీ తర్వాత భూతద్దం. పదిరెట్లు చూపించే లూప్ మెడలో వేలాడకపోతే ఇక్కడ మనల్ని కొత్తవాళ్లుగా లెక్కగడతారు. ముందు అడిగి, రాయిని అడుగున పట్టుకుని ఎత్తాలి. స్ఫటికాల మీద వేలు పడకూడదు. స్ఫటికం రాతిని కలిసే చోట గీతలా మెరుపు కనిపిస్తే జిగురేమో చూడాలి. అతినీలలోహిత టార్చి వేస్తే చాలా రకాల జిగురు తెల్లగానో నీలంగానో బయటపడుతుంది. విరిగిన స్ఫటికాన్ని అతికించడం తప్పేమీ కాదు, చెప్పి అమ్మితే. చెప్పకుండా అమ్మేదే పేచీ. పసుపురంగు సిట్రీన్ పేరుతో పోసి ఉండే గుట్టల్లో చాలావరకు కాల్చిన అమెథిస్టే. ఇంద్రధనుస్సు రంగుల మెట్లమెట్ల బిస్మత్ ప్రయోగశాలలో పోత పోసింది. పిల్లలు ఎగబడేది దాని మీదే, కొనిస్తే నష్టం లేదు. గనిలో దొరికిందని మాత్రం నమ్మొద్దు.

మన దేశం సరుకు వెతుక్కోనక్కర్లేదు, కనపడుతూనే ఉంటుంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కుటుంబాలు నడిపే గదుల్లో బల్లల నిండా లేతాకుపచ్చ అపోఫిల్లైట్, గులాబీ పసుపుల స్టిల్బైట్, దూదిపింజల్లాంటి ఓకెనైట్. ఓకెనైట్ ఉండలను వేలితో తాకితే సన్నని సూదులు అణగిపోతాయి, ఇక లేవవు. తెల్లగా పుట్టిన ఆ ఉండలకు కొందరు గులాబీ, నీలం రంగులు అద్ది అమ్ముతుంటారు. ఆ పని ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు.

ఒక గదిలో అద్దాల వెనక కావన్‌సైట్ ఉంది. మంచులాంటి స్టిల్బైట్ పరుపు మీద వేలిగోరంత నీలి పువ్వు. లూప్‌లో చూస్తే రేకులు రేకులుగా సూదిస్ఫటికాలు మధ్య నుంచి విచ్చుకుని ఉన్నాయి, ఒక పక్క నాలుగైదు మొనలు రాలిపోయాయి. కాల్షియం, వెనేడియం, సిలికేట్ కలిసిన ఈ ఖనిజం మొదట 1960ల్లో అమెరికాలోని ఒరెగాన్‌లో దొరికింది. అక్కడివి చిన్నవి. 1980ల చివర్లో పుణె శివారు వాఘోలి క్వారీల నుంచి రావడం మొదలయ్యాకే ప్రపంచం దాని ముఖం సరిగ్గా చూసింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పారిన లావా నల్లరాయిగా చల్లారేటప్పుడు మిగిలిన బుడగల్లో, బీటల్లో, తర్వాత నీళ్లు చేరి ఒక్కో ఖనిజాన్నే పేర్చుకుంటూ పోయాయి. కంకర కోసం పేల్చినప్పుడు ఆ బోలు బయటపడుతుంది. అప్పుడు అక్కడున్న కూలీకి అది కనపడాలి, క్రషర్‌లో పడకముందే ఉలి పట్టి విడదీయాలి. కనపడకపోతే రోడ్డు కింద కంకరే.

నా పక్కన ఫీనిక్స్ నుంచి కారులో వచ్చిన తెలుగు దంపతులు అదే బీరువా చూస్తున్నారు.

“ఏమండీ, ఇవి మన పంగిడి క్రషర్లలో కొట్టే నల్లరాయి లోంచే వచ్చాయట!”

“మనది కాదే, పుణెది. చీటీ చూడు.”

ఇద్దరిదీ నిజమే. కొవ్వూరు పక్కన పంగిడి దగ్గరా, అవతలి ఒడ్డున కాటేరు దగ్గరా ఉన్న నల్లరాయి దక్కను లావాయేనని చాలామంది భూవిజ్ఞానులు అంటారు. అంత దూరం పారి వచ్చింది మరి. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు ఎలాగూ ఆ రాయే. ఇలాంటి బీరువాల్లో మన జిల్లాల పేర్లు మాత్రం అరుదు. మంగంపేట ముగ్గురాయి నిల్వలు ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి, అయినా అది బూడిదరంగు గుట్ట. పొడి కొట్టి చమురు బావుల తవ్వకానికి పంపడమే తప్ప బీరువాకు ఎక్కదు. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట గార్నెట్ కథ వేరు. పూర్వం పుదుచ్చేరి పక్కన అరికమేడులో పూసలుగా చెక్కిన గార్నెట్లు ఈ గుట్టవేనని పరిశోధకులు రసాయన పరీక్షలతో తేల్చారు. ఆ పూసలకు చీటీలు లేవు, రాయి కూర్పూ లోపలి నలుసులూ ఊరు చెప్పాయి.

చీటీ ఉన్నా చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. టూసాన్‌కు రెండు గంటల లోపు ప్రయాణంలో బిస్‌బీ ఉంది. 1975లో మూతపడిన రాగి గనుల ఊరు. నీలి అజురైట్‌కు, ఆకుపచ్చ మాలకైట్‌కు పేరుపడ్డ చోటు. అక్కడి కార్మికులు షిఫ్టు దిగేటప్పుడు అన్నం డబ్బాల్లో దాచి ఇంటికి పట్టుకెళ్లిన రాళ్లు ఈనాడు మ్యూజియాల్లో ఉన్నాయి. కంపెనీ లెక్కలో అది దొంగతనమే. ఆ దొంగతనం జరగకపోతే అవన్నీ కొలిమికి పోయి రాగి కడ్డీలయ్యేవి. ఏ మ్యూజియం చీటీ మీదా ఆ డబ్బా ఎవరిదో ఉండదు. గని పేరుంటుంది, కొన్న ధనవంతుడి పేరుంటుంది.

కావన్‌సైట్ గదిలో అదే అడిగాను. ఇది విడదీసినవాడు ఎవరని. కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న పెద్దమనిషి నవ్వాడు. “క్వారీ పేరే పూర్తిగా రాయం సార్. రాస్తే వచ్చే ఏడు పక్కగదివాడు నాకంటే ముందు అక్కడుంటాడు.” అందుకే ఇండియా చీటీల మీద ఉత్త పూనా, ఉత్త నాసిక్, ఉత్త జల్గావ్ అని ఉంటుంది. ఒక్కోసారి అదీ నిజం కాదు. ప్రపంచమంతా చీటీ చూసి ధర కట్టే చోట, చీటీ మీద నోరు విప్పకపోవడమే అమ్మేవాడి జాగ్రత్త. నాకు ఇది నచ్చదు గానీ, అతను చెప్పిన కారణానికి బదులూ దొరకలేదు.

కొనేవాళ్లు దీనికి అలవాటుపడిపోయారు. బేరం కూడా ఆ లెక్కనే సాగుతుంది. చీటీ మీద రాసిన ధరకూ అమ్మే ధరకూ మధ్య తగ్గింపు ఉంటుందని అందరికీ తెలుసు. “చివరికి ఎంతకిస్తారు” అని మర్యాదగా అడగాలి, రాయిని తక్కువ చేసి మాట్లాడకూడదు. అన్నిటికంటే మంచివి తలుపులు తీయకముందే వ్యాపారుల మధ్య చేతులు మారిపోయి ఉంటాయి. చౌకవి కావాలంటే ఆఖరి రోజు మధ్యాహ్నం రావాలి, ఓడలో తిప్పి పంపే ఖర్చుకు భయపడి అట్టపెట్టెలకు పెట్టెలే ఇచ్చేస్తారు. అమ్ముడుపోనివి ఇక్కడే అద్దె గోదాముల్లో పెట్టుకునేవారూ ఉన్నారు. ఆ తర్వాత ఈ వ్యాపారుల దారి జూన్‌లో ఫ్రాన్స్‌లోని సెయింట్ మరీ ఓ మీన్, సెప్టెంబరులో డెన్వర్, అక్టోబరులో మ్యూనిక్, మళ్లీ ఇక్కడికే.

ఫీనిక్స్ దంపతులు కావన్‌సైట్ కొనలేదు. రెండు తలుపుల అవతల వేరే అమ్మకందారు దగ్గర, మొనలు కాస్త చెదిరినా క్వారీ పేరూ తీసిన సంవత్సరమూ చేతిరాతతో ఉన్న స్టిల్బైట్ తీసుకున్నారు. ఆవిడ చీటీని ఫోన్‌తో ఫొటో తీసి, మడిచి, రాయితో పాటు కాకుండా వేరే పర్సులో పెట్టింది.