కాణీ ఖర్చులేని కత్తెర!

బామ్మ ఆవకాయ కలుపుతుంటే తీసిన పదకొండు నిమిషాలు, పాపాయి తొలి అడుగులు, తాతయ్య షష్టిపూర్తి, ఊళ్లో తీర్థం... ఏ ఫోన్ తెరిచినా ఇలాంటి వీడియోలు వందల్లో ఉంటాయి. తీసినంత ఇష్టంగా వాటిని మళ్లీ చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఆవకాయ వీడియోనే తీసుకోండి. మొదటి నిమిషమంతా నేలే కనిపిస్తుంది. మధ్యలో ఎవరో అడ్డొస్తారు. బామ్మ ఉప్పూ కారం కొలతలు చెప్పేది తొమ్మిదో నిమిషంలో. ఆ తొమ్మిదో నిమిషాన్ని పదిలంగా బయటికి తీసేదే ఎడిటింగ్. మన పెళ్లి వీడియోలవాళ్ల మాటలో 'మిక్సింగ్'. దానికి వేలు పోయాలేమోనని వెనకాడక్కర్లేదు. ఇంటి వీడియోలకు చాలినంత మంచి సాఫ్ట్‌వేర్లు ఇవాళ ఉచితంగానే దొరుకుతున్నాయి. మనకు సరిపడేదేదో తెలుసుకుంటే చాలు.

ధర కన్నా ముందు...

ఏది మంచిదని అడిగేముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఏపాటిది? వీడియో ఏ పద్ధతిలో రికార్డయింది? ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఈ రెండింటి దగ్గరే చతికిలబడుతుంది.

ఫోన్లు చోటు ఆదా చేయడానికి వీడియోను కుదించి దాస్తాయి. ఐఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 4కె వీడియో తీస్తే, హెచ్.265 పద్ధతిలో నిమిషానికి దాదాపు 170 మెగాబైట్లు అవుతుంది. పాత హెచ్.264లో అయితే 350. చోటు సగం మిగిలినా ఆ భారం ఎడిటింగ్ వేళ కంప్యూటర్ మీద పడుతుంది. ఈ పద్ధతుల్లో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మగా ఉండవు, పక్క ఫ్రేములతో ఉన్న తేడాను మాత్రమే దాచుకుంటాయి. రోజువారీ జమాఖర్చులే రాసి నిల్వ రాయని ఖాతా పుస్తకం లాంటిదన్నమాట. ఫలానా రోజున చేతిలో ఎంతుందో తెలియాలంటే వెనక్కి వెళ్లి కూడుకుంటూ రావాలి. వీడియో ముక్కలను వరుసగా పరిచే టైమ్‌లైన్ మీద మనం ఎక్కడ క్లిక్ చేసినా కంప్యూటర్ ఆ లెక్కే కడుతుంది. పాత ల్యాప్‌టాప్ ఆగి ఆగి నడిచేది అందుకే.

దీనికి విరుగుడు ప్రాక్సీ. అసలు వీడియోకు చిన్నసైజు నకలు తయారుచేసుకుని దానిమీద కత్తిరింపులన్నీ చేస్తాం. చివర్లో పూర్తయిన వీడియోను ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే అసలు వీడియోను వాడుకుంటుంది. కొత్త కంప్యూటర్ కొనేముందు ఈ ఒక్క సదుపాయాన్ని వాడి చూడండి.

మరో చిక్కు, మాటకూ పెదవులకూ పొంతన తప్పడం. చాలా ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను సందర్భాన్ని బట్టి మార్చుకుంటాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకేమో ఆ లెక్క స్థిరంగా ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియోను 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్'కు మార్చుకుని మొదలుపెడితే ఆ తలనొప్పి చాలావరకు తీరిపోతుంది.

ఎవరికి ఏది?

ఫోన్‌లోనే పని ముగించాలనుకుంటే ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ లాంటివి ఉన్నాయి. 2025లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ వారి 'ఎడిట్స్' వాటర్‌మార్క్ (వీడియో మీద పడే కంపెనీ ముద్ర) లేకుండానే వీడియో ఇస్తుంది. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకు ఐమూవీ ఎలాగూ ఉచితం. పుట్టినరోజు వీడియోకు ఇవి చాలు.

విండోస్ కంప్యూటర్లలో ఒకప్పుడు మూవీ మేకర్ ఉండేది. 2000లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆపేసింది. ఇప్పుడు ఆ స్థానంలో విండోస్ 11తోపాటు క్లిప్‌చాంప్ వస్తోంది. ఉచితంగానే 1080పి వరకు ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఎడిటింగ్ అంటేనే భయపడేవారికి ఇది మంచి ఓనమాలు.

కాస్త పాత ల్యాప్‌టాప్ ఉండి, ఒకదానిపై ఒకటి పేర్చే రెండు మూడు ట్రాకులతో పని చేయాలనుకుంటే షాట్‌కట్. హెచ్‌డీ వీడియోకు 8 జీబీ ర్యామ్, 4కెకు 16 జీబీ ఉండాలంటారు దాని తయారీదారులు. ఇంకాస్త లోతుకు వెళ్లాలనుకునేవారికి 2002 నుంచి ఔత్సాహికులు పెంచి పోషిస్తున్న కెడెన్‌లైవ్ ఉంది. ఈ రెండూ ఓపెన్‌సోర్స్. వాటర్‌మార్క్ ఉండదు, గడువు ఉండదు.

గట్టి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉంటే డావిన్చీ రిజాల్వ్‌ను మించింది లేదు. సినిమాలకు రంగులు దిద్దే పనిలో పేరుమోసిన డావిన్చీ సంస్థను ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ 2009లో కొనుక్కుంది. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఉచిత వెర్షన్‌తోనే 4కె వీడియో చేసుకోవచ్చు. పైమెట్టు 'స్టూడియో' వెర్షన్‌కు 295 డాలర్లు, అంటే మన డబ్బులో పాతిక వేలకు పైమాటే. అదీ ఒక్కసారి కడితే సరిపోతుంది. లైనక్స్ వాడేవారికి మాత్రం ఒక హెచ్చరిక: ఉచిత వెర్షన్ అక్కడ ఫోన్ల హెచ్.264 వీడియోను తెరవదు.

ప్రీమియర్ ప్రో లాంటివి చందా కట్టినంతకాలమే పనిచేస్తాయి. ఎడిటింగే జీవనాధారమైన వాళ్లకు అది పెట్టుబడి. ఏడాదికి నాలుగు వీడియోలు చేసుకునే కుటుంబానికి మాత్రం దండగ ఖర్చే.

తెలుగు రాస్తుందా?

ఏదో ఒకటి ఎంచుకునేముందు మనవాళ్లు తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. టైటిల్‌లో 'శ్రీరస్తు', 'స్త్రీ', 'లక్ష్మి' అని టైప్ చేసి చూడండి. వత్తులు విడిపోయినా, గుడులు పక్కకు జరిగినా ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు సరిగా రాదన్నమాట. మిగతావన్నీ నచ్చితే దానికీ దారి ఉంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైటిల్ రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి, పై ట్రాకులో పెట్టుకోవచ్చు. రామభద్ర, మండలి, మల్లన్న లాంటి అందమైన తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఉచితంలో మెలికలు

'ఫ్రీ' అన్నవన్నీ ఒకటి కాదు. ఫిల్మోరా లాంటివి ఎడిటింగ్ అంతా చేయనిచ్చి చివర్లో వాటర్‌మార్క్ వేస్తాయి. రెండు రాత్రులు కూర్చున్నాక ఆ సంగతి తెలిస్తే ఉసూరుమంటుంది. అందుకే ముందే రెండు నిమిషాల ముక్కను దించి, కత్తిరించి, పాట కలిపి, టైటిల్ వేసి, ఎక్స్‌పోర్ట్ దాకా వెళ్లి చూడాలి.

'క్రాక్' వెర్షన్ల జోలికి అసలు వెళ్లొద్దు. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ తరచూ వాటి వెంటే వస్తుంది. చందా మిగిలిందని సంబరపడేలోగా ఇంటిల్లిపాది జ్ఞాపకాలూ పోతాయి.

యాప్‌లనూ పూర్తిగా నమ్ముకోవద్దు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్‌తోపాటు వివావీడియో అనే ఎడిటింగ్ యాప్ కూడా ఉంది. ఏ యాప్ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. అసలు వీడియోలను ఎడిటింగ్ అయ్యాక కూడా చెరపకుండా, రెండు వేర్వేరు చోట్ల దాచుకోవాలి.

కత్తెర కన్నా చెయ్యి

హాలీవుడ్ దిగ్గజ ఎడిటర్ వాల్టర్ మర్చ్ 2003లో వచ్చిన 'కోల్డ్ మౌంటెన్'ను అప్పట్లో వెయ్యి డాలర్లలోపు ధరకు దొరికిన ఫైనల్ కట్ ప్రోలో కూర్చారు. ఆ పనికి ఆయన ఆస్కార్‌కు నామినేట్ అయ్యారు. లాత్వియా యానిమేషన్ చిత్రం 'ఫ్లో' తయారైంది పూర్తిగా ఉచితమైన బ్లెండర్‌లో. 2025లో ఆస్కారే గెలిచింది. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తెలిసినవాళ్ల చేతిలో చౌక పనిముట్టూ రాణిస్తుంది. ఆ తెలివి డబ్బిచ్చి కొనేది కాదు, కత్తిరిస్తూ నేర్చుకునేది.

కాబట్టి ఈ ఆదివారం ఒక్క వీడియో ఎంచుకోండి. పదకొండు నిమిషాలను మూడు నిమిషాలు చేయండి. నేలను తీసేయండి, బామ్మ మాటను ఉంచండి. సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో చూపించండి. వచ్చే వేసవిలో ఆవకాయ కలపాల్సింది మీరే అయినా, కొలత ఆమె గొంతులోనే వినొచ్చు.