బరంపురం పల్లెల్లో ఇల్లు, స్థలం కొనాలంటే

గంజాం జిల్లా పల్లెల్లో భూమి కొనుగోలుకు మూలాధారం ఒడియా లిపిలో ఉండే పట్టా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీశాక ఇచ్ఛాపురం ఇటు ఆంధ్ర వైపు, బరంపురం అటు ఒడిశా వైపు మిగిలాయి. చుట్టరికాలు తెగలేదు కానీ భూరికార్డుల తీరు మారిపోయింది. ఆంధ్రలోలా అడంగల్, 1-బి రికార్డులు చూసి కొనే అలవాటు అక్కడ పనికిరాదు.

పట్టా పైభాగంలో మౌజా, తహసీలు, ఖాతా నంబరు, రైతు పేరు, తండ్రి పేరు, కులం, భూమిపై అతని హక్కు ఏ రకమో ఉంటాయి. కింద ప్లాటు నంబరు, హద్దులు, విస్తీర్ణం, ‘కిసం’ వరుసగా కనిపిస్తాయి. కిసం అంటే భూమి రకం. ఈ ఒక్క మాటే చాలా సంగతులు తేలుస్తుంది. ‘ఘరబారి’ అని ఉంటే ఇంటిస్థలం: ఘర ఇల్లు, బారి పెరడు. ‘శారద’ అంటే వరి పండే పొలం. ‘గోచర’ అంటే పశువుల మేతకు వదిలిన ప్రభుత్వ భూమి. దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు. పొలంలో ఇల్లు కట్టాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారుకు దరఖాస్తు చేసి, రుసుము కట్టి, కిసం మార్పించుకోవాలి. ఖాతా, ప్లాటు నంబర్లు తెలిస్తే ‘భూలేఖ్’ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఈ వివరాలు చూసుకోవచ్చు.

కొలతల దగ్గర తెలుగువారు పొరబడే అవకాశం ఉంది. ఒడిశా డిసిమిల్, ఆంధ్ర సెంటు ఒక్కటే: 435.6 చదరపు అడుగులు. గుంట మాత్రం వేరు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలైతే ఒడిశాలో 25. అంటే అక్కడి గుంట నాలుగు డిసిమిళ్లు. బేరం డిసిమిళ్లలో మాట్లాడుకుంటే చిక్కుండదు.

అమ్మేవారికి ఆ హక్కు ఉందో లేదో తర్వాత చూడాలి. ఎస్సీ, ఎస్టీల భూమిని ఇతరులు కొనాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ముందుగా ఉండాలి. జిల్లాలోని సొరడ తహసీలులో ఎక్కువ భాగం షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. దేవుడి మాన్యాలకు దేవాదాయ కమిషనర్ అనుమతి కావాలి. పట్టాలో అన్నదమ్ముల పేర్లన్నీ ఉంటే అందరూ సంతకం పెట్టాలి. తండ్రి పేరే మిగిలి ఉంటే కూతుళ్ల వాటా సంగతీ తేల్చుకోవాలి.

ఇవన్నీ సరిపోయాక ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి, అమీను (సర్వేయరు) చేత హద్దులు కొలిపించి, సబ్‌రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు రాయించుకోవాలి. ఆ తర్వాత తహసీలులో మ్యుటేషన్ జరిగి, కొత్త పట్టాలో పేరు ఎక్కాలి. చాలామంది దస్తావేజుతో ఆగిపోతారు. పాత పేరు అలాగే ఉండిపోయిన భూమి తర్వాతి తరానికి తగాదాగా మిగులుతుంది.

కాగితాలు చెప్పని సంగతులు ఊరు చెబుతుంది. గంజాం పల్లెల్లో ఒకే వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనుకుని ఇళ్లు వరసగా ఉంటాయి. వీధి వైపు వెడల్పు తక్కువ, వెనక పెరడు పొడుగు. పాత ఇల్లు కొంటే ఉమ్మడి గోడ గురించి పక్కింటివారితో ముందే మాట్లాడుకోవాలి. తీరం వైపు తుఫాను భయం ఎప్పుడూ ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. వెంటనే రుషికుల్య నదికి వరద వచ్చింది. ఆ నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఊళ్లో పెద్దలను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. ఇంటి పునాది ఆ గుర్తుకు పైన ఉండాలి.

బయానా ఇచ్చేముందు పట్టాను ఒడియా బాగా వచ్చినవారి చేత అక్షరం అక్షరం చదివించుకోవాలి. వానాకాలంలో ఒక్కసారైనా వెళ్లి ఆ స్థలం చూసి రావాలి.