ఉచిత పాఠాలు – చదువుకునే వీలు

దూరవిద్యలో డిగ్రీ చదివే పిల్లలకు ఇగ్నో పాఠాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా చాలామంది అచ్చు పుస్తకమే కావాలంటారు. పెద్ద పేజీని ఫోను తెర మీద అటూ ఇటూ జరుపుతూ చదివితే కళ్లు లాగుతాయి. పైగా చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే. నా దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి, నాన్న పని నుంచి వచ్చాక, రాత్రి పదింటికి బి.ఏ. పాఠం తెరుస్తుంది.

పాఠాన్ని ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే మళ్లీ నెట్ అక్కర్లేదు. కాబట్టి దాతలు నెలనెలా రీచార్జికి ఇచ్చే బదులు పాఠాలు నింపిన నాలుగు ట్యాబ్‌లు, ఒక ప్రింటరు, సాయంత్రాలు తెరిచి ఉండే ఒక గది సమకూర్చితే మేలు. ఈ ఏడాది పిల్లలు చదువుకున్నాక వచ్చే ఏడాది వాళ్లకూ అవే పనికొస్తాయి.